హెచ్ఎస్-సీఆర్‌పీ రిపోర్టు చేతికొచ్చాక ఏం చూడాలి, ఎలా చూడాలి

గుంటూరు కొత్తపేటలో, చుట్టూ ఆస్పత్రులే ఉన్న వీధిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తాను. ఈమధ్య నాకొచ్చే ఫోన్లలో చాలావరకు, రాబోయే ఏళ్లలో గుండెజబ్బు ముప్పును అంచనా వేసే రక్తపరీక్ష హెచ్ఎస్-సీఆర్‌పీ గురించే. డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకి ఫుల్ బాడీ చెకప్ బుక్ చేస్తారు. పొద్దున్నే ఎవరో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో పడుతుంది. అన్ని అంకెల్లో ఒక్కటి ఎర్రగా ఉంటుంది, దాని పక్కన ‘గుండెజబ్బు ముప్పు ఎక్కువ’ అని రాసి ఉంటుంది. ఇక ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ టెన్షనే.

ఆ అంకెను గట్టిగా పట్టించుకోవాల్సిన సందర్భాలున్నాయి, తీసి పక్కన పెట్టాల్సినవీ ఉన్నాయి. ఏది ఏదో తెలుసుకోవడానికి కౌంటర్ దగ్గర నేనడిగే ప్రశ్నలు మీకు మీరే వేసుకుంటే చాలు. మందు సంగతి మాత్రం డాక్టరుగారిదే.

ముందు అసలు ముఖ్యమైన విషయం చెప్పేస్తాను. ఛాతీలో బరువుగా ఉండి, ఎడమ చెయ్యో దవడో లాగుతూ, చెమటలు పడుతుంటే ఈ పరీక్షతో పని లేదు. అప్పుడు కావలసింది ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష. ‘గ్యాస్ అనుకుంటా, ఎందుకైనా మంచిది, ఒకసారి సీఆర్‌పీ చూడండి’ అంటూ సాయంత్రం పూట ల్యాబ్‌కి నడిచొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మేం రక్తం తీయం, ఆస్పత్రికి పంపిస్తాం. మీరైతే ల్యాబ్ దాకా కూడా రావద్దు, 108కి ఫోన్ చేయండి. హెచ్ఎస్-సీఆర్‌పీ చెప్పేది రాబోయే సంవత్సరాల సంగతి. ఇప్పుడు గుండెలో ఏం జరుగుతోందో అది చెప్పలేదు.

చేసింది ఏ పరీక్షో చూడండి

సీఆర్‌పీ అనేది లివర్ తయారుచేసే ఒక ప్రొటీన్. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు. శరీరంలో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, దెబ్బ తగిలినా, వాపు (ఇన్ఫ్లమేషన్) వచ్చినా ఇది కొన్ని గంటల్లోనే పెరగడం మొదలెడుతుంది, రెండు రోజులకి శిఖరానికి చేరుతుంది. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో మామూలు కంటే వందల రెట్లు పెరుగుతుంది.

మామూలు సీఆర్‌పీ, హెచ్ఎస్-సీఆర్‌పీ రెండూ కొలిచేది ఈ ఒక్క ప్రొటీన్‌నే. తేడా కొలతలో ఉంది. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు సీఆర్‌పీ అంటే స్లైడ్ పరీక్షే. నల్లటి అద్దం మీద గుండ్రటి గడి ఉండేది. అందులో ఒక చుక్క సీరం, పక్కన ఒక చుక్క పాలలాంటి లేటెక్స్ ద్రవం వేసేవాళ్లం. పుల్లతో రెండూ కలిపి, స్లైడ్‌ని చేతిలో పట్టుకుని రెండు నిమిషాలు అటూ ఇటూ వంచుతూ లైటు కింద చూసేవాళ్లం. సన్నటి రవ్వలా విరిగితే పాజిటివ్, పాలలాగే ఉండిపోతే నెగటివ్. లీటరుకు 6 మిల్లీగ్రాములు దాటితే తప్ప ఆ రవ్వ కనిపించదు. పాజిటివ్ అయితే సీరాన్ని సగానికి సగం పలచన చేస్తూ పోయి 12, 24, 48 అని రాసిచ్చేవాళ్లం. మీ పాత ఫైళ్లలో సీఆర్‌పీ ఎప్పుడూ ఈ లెక్కలోనే ఎందుకుందా అనుకుంటే కారణం అదే. ఇప్పటికీ చిన్న ల్యాబుల్లో ఈ స్లైడ్ ఉంది. జ్వరాలకి అది చాలు.

గుండె సంగతి అలా కాదు. అక్కడ తేడాలన్నీ 6 కంటే కిందే ఉంటాయి. 0.8 ఉన్న మనిషికీ 3.5 ఉన్న మనిషికీ స్లైడ్ మీద వచ్చే జవాబు ఒక్కటే, నెగటివ్. అంత తక్కువ మోతాదును మెషీన్ మీద సరిగ్గా కొలిచేదే హెచ్ఎస్, అంటే హై సెన్సిటివిటీ. కాబట్టి రిపోర్టులో పరీక్ష పేరు పక్కన ‘హెచ్ఎస్’ అని లేకపోతే, దాన్ని పట్టుకుని గుండె గురించి ఏమీ తేల్చకండి. ‘సీఆర్‌పీ నెగటివ్, గుండె భేష్’ అనే మాట పూర్తిగా తప్పు.

తర్వాత యూనిట్ చూడండి. గుండె లెక్కలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. కొన్ని ల్యాబులు డెసిలీటరుకు రాస్తాయి. రెంటికీ పది రెట్ల తేడా. డెసిలీటరుకు 0.3 అంటే లీటరుకు 3. ఒక ల్యాబ్‌లో 0.4, ఇంకో ల్యాబ్‌లో 4 వచ్చి, ‘నెలరోజుల్లో పదింతలయింది’ అని భార్యాభర్తలు హడలిపోయి వచ్చిన సందర్భాలున్నాయి. రెండూ ఒకటే.

ఆరోజు ఒంట్లో ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి

ఈ పరీక్షలో ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. సీఆర్‌పీకి గుండె, పన్ను, మోకాలు అనే తేడా తెలియదు. ఎక్కడ వాపున్నా పెరుగుతుంది. అందుకే రక్తం ఇచ్చిన రోజుకి ముందు రెండు మూడు వారాల్లో జరిగినవన్నీ లెక్కలోకి వస్తాయి. జలుబు, గొంతునొప్పి, డెంగీ, చికున్‌గున్యా, యూరిన్ ఇన్‌ఫెక్షన్, సెగ్గడ్డ, పన్ను పీకించుకోవడం, బండి మీంచి పడటం, ఏ ఆపరేషనైనా, ఏ టీకా అయినా. అలవాటు లేని విపరీతమైన శ్రమ కూడా ఇందులోకే వస్తుంది. అలిపిరి మెట్లన్నీ ఎక్కి తిరుమల వెళ్లొచ్చిన మర్నాడు ఈ పరీక్ష చేయించుకోకండి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లలో, గర్భిణుల్లో మామూలుగానే ఎక్కువ ఉంటుంది. కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్నవాళ్లలో వచ్చే అంకెను గుండెకి అంటగట్టడం కుదరదు. అయితే ఒక సంగతి, కీళ్లవాతం ఉన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు నిజంగానే ఎక్కువ. అది వాళ్ల డాక్టరుగారితో విడిగా మాట్లాడుకోవాలి.

మిర్చి యార్డులో గుమస్తాగా చేసే ఒక పెద్దాయన రిపోర్టు తీసుకుని వచ్చారు. 11.5. వస్తూనే, ‘అమ్మాయ్, యాంజియోగ్రామ్ చేయించుకోమంటావా?’ అన్నారు.

‘కూర్చోండి బాబాయ్ గారూ. ఈ నెలలో జ్వరం ఏమైనా వచ్చిందా?’

‘లేదమ్మా.’

‘దెబ్బ? ఇంజెక్షన్లు? టీకా?’

‘ఏం లేదు. రాయిలా ఉన్నా.’

అంటూనే కుడిచేత్తో దవడ నొక్కుకుంటున్నారు. పన్ను సంగతేంటని అడిగితే, ‘అదా, నెలబట్టీ సలుపుతోంది, లవంగం పెట్టుకుంటున్నా’ అన్నారు. ఫ్యామిలీ డాక్టరుగారు ముందు డెంటిస్టు దగ్గరికి పంపారు. చిగురు కింద చీము ఉంది, పన్ను తీసేశారు. మూడు వారాలాగి మళ్లీ చేస్తే 2.4 వచ్చింది. ఆయన సంతోషానికి హద్దుల్లేవు. కానీ డాక్టరుగారు అసలు మాట్లాడింది ఆ 2.4 గురించే. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148, రోజుకి ఓ పెట్టె సిగరెట్లు, తండ్రి యాభై దాటకుండానే గుండెపోటుతో పోయారు. 11.5 పన్నుది. 2.4 మాత్రం అలా కొట్టిపారేసేది కాదు.

కాబట్టి వరస ఇదీ. 10 దాటితే గుండె మాట పక్కన పెట్టి, ఒంట్లో ఇంకెక్కడ ఏముందో వెతకాలి. అది తగ్గాక కనీసం రెండు వారాలు ఆగి మళ్లీ చేయించాలి. 10 లోపు వచ్చినా ఒక్కసారి చూసి ఖాయం చేసుకోకూడదు. రెండు వారాల తేడాతో రెండుసార్లు చేసి సగటు చూడమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ కలిసి 2003లోనే చెప్పాయి. ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. చెప్తే రెండోసారి డబ్బులు ఎవరిస్తారని అడుగుతారు కదా.

ఈ పరీక్ష ఒక్కదానికే అయితే పరగడుపున రావక్కర్లేదు, టిఫిన్ చేసి రావచ్చు. మా ల్యాబ్‌కి వచ్చేవాళ్లంతా ఎలాగూ షుగరు, కొలెస్ట్రాల్ కూడా చేయించుకుంటారు కాబట్టి పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మంటాం.

అంకెను చదవడం

లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువైతే ముప్పు తక్కువ. 1 నుంచి 3 మధ్యస్థం. 3 దాటితే ఎక్కువ. ఇదీ 2003 నాటి లెక్క. 2018లో వచ్చిన అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో 2 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ముప్పును పెంచే అంశంగా లెక్కేసుకోమన్నారు. అదే జాబితాలో దక్షిణాసియా వాళ్లుగా పుట్టడాన్ని కూడా చేర్చారు. అంటే మనవాళ్లకి ఒక గీత ముందే పడి ఉన్నట్టు.

ఈ అంకెకీ గుండెకీ సంబంధం ఏమిటో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే తర్వాత చేయాల్సినవి వాటంతటవే అర్థమవుతాయి. కొలెస్ట్రాల్ పైపులో తుప్పులా పేరుకుని రక్తనాళం మూసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. ఎల్‌డీఎల్ కణాలు రక్తనాళం గోడ లోపలికి దూరతాయి. వాటిని తినేయడానికి తెల్లకణాలు వస్తాయి, తిని తిని కొవ్వుతో ఉబ్బి అక్కడే ఉండిపోతాయి. అక్కడ నిత్యం రాజుకునే వాపు మొదలవుతుంది. ఆ వాపు నుంచి ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాలు విడుదలవుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 లివర్‌కి చేరితే లివర్ సీఆర్‌పీని తయారుచేస్తుంది. ఇంకోపక్క ఆ వాపే పూడిక మీది పొరను పలచన చేస్తుంది. ఆ పొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి నాళం ఒక్కసారిగా మూసుకుపోతుంది. అందుకే 40 శాతం బ్లాకున్న మనిషి కూడా ఒక్కోసారి గుండెపోటుతో పడిపోతాడు. నడుం చుట్టూ ఉన్న కొవ్వు కూడా ఇంటర్‌ల్యూకిన్-6ని వదులుతుంది. బొజ్జకీ సీఆర్‌పీకీ చుట్టరికం అదే.

అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న మగ డాక్టర్ల రక్తం దాచిపెట్టి, ఏళ్ల తర్వాత ఎవరికి గుండెపోటు వచ్చిందో చూసి, పాల్ రిడ్కర్ బృందం 1997లో ఫలితాలు ప్రకటించింది. సీఆర్‌పీ అందరికంటే ఎక్కువగా ఉన్న పావు వంతు మందిలో, అందరికంటే తక్కువగా ఉన్న పావు వంతుతో పోలిస్తే, గుండెపోటు ముప్పు సుమారు మూడు రెట్లు. ఈ పరీక్ష గుండె డాక్టర్ల చీటీల్లోకి రావడానికి అదే దారి వేసింది.

కానీ తర్వాత జన్యువుల మీద జరిగిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువగా ఉండే జన్యువులున్నవాళ్లకి గుండెజబ్బులు ఎక్కువగా రావడం లేదు. అంటే సీఆర్‌పీ స్వయంగా నాళాన్ని పాడుచేయదు, వెనక జరుగుతున్నదాన్ని చూపిస్తుందంతే. అందుకే ‘సీఆర్‌పీ తగ్గడానికి మాత్ర ఏదైనా ఉందా?’ అని ఎవరైనా అడిగితే నేను ఎల్‌డీఎల్ ఎంతుందని ఎదురు ప్రశ్న వేస్తాను.

పక్కన ఏమేం పెట్టుకుని చూడాలి

హెచ్ఎస్-సీఆర్‌పీని ఒంటరిగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకండి. లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఇంట్లో చూసుకున్న బీపీ అంకెలు, టేపుతో కొలిచిన నడుం చుట్టుకొలత పట్టుకెళ్లండి. పొగ, ఖైనీ, గుట్కా దాచకుండా చెప్పండి. రక్తసంబంధీకుల్లో ఎవరికి ఏ వయసులో గుండెపోటు వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. లైపోప్రొటీన్-ఎ అని ఒక పరీక్ష ఉంది, అది చాలావరకు వంశపారంపర్యం, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. వీలుంటే అదీ ఉంచుకోండి.

ఈ పరీక్ష నిజంగా పనికొచ్చేది మధ్యలో ఊగిసలాడేవాళ్లకి. ఎల్‌డీఎల్ 120, బీపీ అంచు మీద, షుగరు లేదు, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలెట్టాలా వద్దా అని డాక్టరుగారే తేల్చుకోలేని పరిస్థితి. అలాంటివాళ్ల మీదే 2008లో జూపిటర్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఎల్‌డీఎల్ 130 కంటే తక్కువ, హెచ్ఎస్-సీఆర్‌పీ 2 లేదా ఆపైన ఉన్న 17,802 మందిలో సగంమందికి రోసువాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం, స్టెంటు, బైపాస్, ఆస్పత్రికి వెళ్లాల్సొచ్చిన ఆంజైనా (గుండెనొప్పి), గుండెజబ్బుతో మరణం అన్నీ కలిపి చూస్తే మందు వేసుకున్నవాళ్లలో 44 శాతం తగ్గాయి. అదే ట్రయల్‌లో షుగరు బయటపడినవాళ్లు మందు వైపే కాస్త ఎక్కువ. కాబట్టి స్టాటిన్ వేసుకునేటప్పుడు హెచ్‌బీఏ1సీ మీద కన్నేసి ఉంచాలి. ఆ భయంతో మందే మానేయకూడదు.

షుగరు, స్టెంటు, 190 దాటిన ఎల్‌డీఎల్ ఉన్నవాళ్లకి హెచ్ఎస్-సీఆర్‌పీ ఎంత వచ్చినా స్టాటిన్ అవసరం మారదు. స్టెంటు వేయించుకున్నవాళ్లకి మాత్రం ఇంకో ఉపయోగం ఉంది. ఎల్‌డీఎల్ బాగా దిగాక కూడా ఇది 2 పైనే నిలబడి ఉంటే, లోపలి వాపు ఇంకా ఉందని డాక్టరుగారికి తెలుస్తుంది. 2025లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ అయితే కొలెస్ట్రాల్‌తో పాటు ఈ పరీక్షనీ అందరికీ చేయమంటూ ప్రకటన ఇచ్చింది. ముందు ఎల్‌డీఎల్ మందు రోజూ వేసుకునేవాళ్ల సంఖ్య పెరిగితే బాగుండునని నాకనిపిస్తుంది.

ఇక వాపును చూపించే పాత రక్తపరీక్ష ఈఎస్ఆర్. మన ఊళ్లలో దీనికున్న గౌరవం ఇంతా అంతా కాదు. గుండెకి మాత్రం దీంతో పని లేదు. రక్తహీనత ఉన్నా, వయసు పెరిగినా, గర్భంతో ఉన్నా పెరుగుతుంది, ఒకసారి పెరిగాక వారాలపాటు దిగదు. ఫెరిటిన్, ఫైబ్రినోజన్ కూడా వాపులో పెరుగుతాయి గానీ గుండె కోసం వాటిని ప్రత్యేకంగా చేయించక్కర్లేదు. ఇంటర్‌ల్యూకిన్-6 ఖరీదైన పరీక్ష, పరిశోధనలకు వదిలేయండి. హోమోసిస్టీన్‌ని ప్యాకేజీల్లో వీటితో కలిపేస్తారు, అది వాపును కొలిచేదే కాదు.

తగ్గించుకోవడం

బొజ్జ తగ్గితే సీఆర్‌పీ తగ్గుతుంది. ఎక్కువమందిలో కనిపించే తేడా ఇదే. పొగ మానాలి. రోజూ చెమట పట్టేలా నడవాలి. చిగుళ్లు చూపించుకోవాలి. బ్రష్ చేసేటప్పుడు రక్తం వస్తుంటే దాన్ని మామూలే అనుకోవద్దు. భయంకరంగా గురకపెట్టి, పగలంతా తూగేవాళ్లు నిద్ర పరీక్ష గురించి అడగాలి. షుగరు అదుపులో ఉంచుకోవాలి. స్టాటిన్ ఎల్‌డీఎల్‌తో పాటు దీన్నీ దించుతుంది. పసుపు క్యాప్సూళ్ల గురించి రోజూ అడుగుతారు. కూరలో పసుపు వేసుకోండి, స్టాటిన్ మాని క్యాప్సూళ్లు మింగకండి.

వాపునే నేరుగా కొడితే గుండెపోట్లు తగ్గుతాయా అని కూడా చూశారు. 2017లో వచ్చిన క్యాంటోస్ ట్రయల్‌లో, అప్పటికే గుండెపోటు వచ్చి సీఆర్‌పీ 2 పైన ఉన్న 10,061 మందిలో కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోల్చారు. మూడు నెలలకోసారి 150 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో ఎల్‌డీఎల్ కదలకుండానే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణాలు తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. అందుకే ఆ మందు గుండెకి వాడుకలోకి రాలేదు. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌తో చేసిన ట్రయల్‌లో ఏ లాభమూ కనిపించలేదు.

గౌట్‌కి వాడే పాత మందు కాల్చిసిన్ సంగతి వేరు. రోజుకి అర మిల్లీగ్రాము ఇచ్చిన కోల్‌కాట్, లోడోకో-2 ట్రయల్స్‌లో మేలు కనిపించింది, 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఇచ్చింది. మరుసటి ఏడాదే, 2024లో ఇంకో పెద్ద ట్రయల్ వచ్చి, గుండెపోటు తర్వాత ఇచ్చినా తేడా లేదంది. ఇది మెడికల్ షాపులో తేలిగ్గా దొరుకుతుంది, అదే నా భయం. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి, క్లారిత్రోమైసిన్‌లాంటి యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్లకి ఇది ప్రాణం మీదికి తెస్తుంది. కార్డియాలజిస్టు చీటీ లేకుండా ఒక్క మాత్ర కూడా వద్దు.

మళ్లీ ఎప్పుడు చేయించాలంటే, మందు మొదలెట్టాకో బరువు తగ్గడం మొదలయ్యాకో రెండు మూడు నెలలకి. వారం వారం చేయించేది కాదిది. కుదిరితే అదే ల్యాబ్‌లో ఇవ్వండి. మెషీన్ మారితే చిన్న చిన్న తేడాలొస్తాయి, 1.9 కాస్తా 2.2 అయిందని కంగారుపడతారు. వచ్చేటప్పుడు పాత రిపోర్టు తెచ్చుకోండి, రక్తం ఇచ్చే ముందు జలుబుందా, పన్ను నొప్పుందా, ఏం మందులు వాడుతున్నారో మాకు చెప్పండి, లేదా బిల్లు వెనక రాసుకోండి. జలుబుంటే ఆరోజు మిగతావాటికి రక్తం ఇచ్చేసి, దీన్ని మాత్రం రెండు వారాలు వాయిదా వేయించుకోండి. డబ్బులు ముందే కట్టేసినా ఫర్వాలేదు, చాలా ల్యాబులు అడిగితే తేదీ మారుస్తాయి.